ఒక్క ఎరుపు కోసం బాగేపల్లి నుంచి చింతామణి దాకా

ఎరుపంటే ఎరుపే కదా, దానికోసం బస్సులెక్కి తిరగాల్సినంత ఏముందని మీరు అనుకోవచ్చు. రెండు నెలల క్రితం నేనూ అలాగే అనుకున్నాను. మాది బాగేపల్లిలో ఇంటి ముందు గదిలోనే సాగే చిన్న స్క్రీన్ ప్రింటింగ్ పని. గుడ్డ సంచుల మీద బొమ్మలూ పేర్లూ అచ్చు వేస్తాం. నేను విజయవాడ పిల్లని, ఈ ఊరికి కోడలిగా వచ్చి పద్నాలుగేళ్ళయింది. అచ్చు లాగేది మా ఆయన రామాంజి, రంగు కలిపేది నేను. పాత ఇంకులో థిన్నర్ పోస్తేనే పని జరిగేది. ఆ ఘాటు ఏళ్ళ తరబడి పీల్చి మా ఆయనకు దగ్గు పట్టుకుంది. ఒక మాట పూర్తి చేసేలోపు రెండుసార్లు ఆగాలి. ఆ వాసన మానకపోతే మందులు మింగడం దండగని డాక్టరు తేల్చేశాక, పాత డబ్బాలన్నీ వదిలించుకుని నీళ్ళతో కలిపే ఇంకులకు మారాం.

నలుపు, ఆకుపచ్చ బాగానే వచ్చాయి. పేచీ అంతా ఎరుపు దగ్గరే. చిక్కబళ్ళాపురం వైపు గులాబీలు పండించే రైతులు కొందరు కలిసి మూడు వందల సంచులు అడిగారు, ఒక్కొక్కదాని మీద ఒక ఎర్ర గులాబీ. మేం వేసిన గులాబీ చూస్తే ఇటుక పొడి రాలినట్టుంది. గరుకుగా, మచ్చలు మచ్చలుగా వచ్చి, పది సంచులు వేసేసరికి రంగు గుడ్డ మీదికి దిగే స్క్రీన్ రంధ్రాలు కూడా పూడుకుపోయాయి. ఏడుసార్లు కలిపాను, ఏడుసార్లూ అదే తంతు. విజయవాడలో మా తమ్ముడిదీ ఇదే పని. వాడు వాడేదీ అదే రంగు పేస్టు, అదే కొలత. వాడు ఫోన్లో పంపిన ఫోటోలో ఎరుపు నిగనిగలాడుతోంది. వాడికొచ్చేది నాకెందుకు రాదో తలా తోకా అర్థం కాలేదు. అక్కసు మాత్రం బాగానే వచ్చింది.

బుధవారానికి సంచులు ఇవ్వాలి. ఆదివారం సాయంత్రం మా ఆయన స్క్రీన్ కడుగుతూ, "రేపు మధ్యాన్నం దాకా చూస్తా. కుదరకుంటే హిందూపురం నుంచి పాత ఇంకే తెప్పిస్తా. ఒప్పుకొన్న పని, నా గొంతు కోసరం చెడగొట్టేకి అయితాదా?" అన్నాడు. అంటూనే గోడ పట్టుకుని దగ్గాడు. ఆ డబ్బా మళ్ళీ మా గుమ్మం తొక్కకూడదని నేను గట్టిగా అనుకున్నాను. పాడైన గుడ్డ ముక్కలు మూడు, కాస్త పేస్టు, కాస్త బైండరు రెండు డబ్బాల్లో సర్దుకుని సోమవారం పొద్దున్నే బయలుదేరాను. బైండరంటే రంగును గుడ్డకు పట్టించే తెల్లటి జిగురు, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా.

ఏడింటికి బాగేపల్లి బస్టాండులో చిక్కబళ్ళాపురం వెళ్ళే సర్కారు బస్సు దొరికింది. కర్ణాటక అడ్రసున్న ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు. మగవాళ్ళు కొనుక్కోవాల్సిందే. హైవే బాగుంటుంది కనుక గంటా పది నిమిషాల్లో దిగిపోయాను. బజారు వీధిలో పెయింట్లు, ఇంకు సరుకులు అమ్మే శెట్టిగారి అంగడి తొమ్మిదిన్నరకు గానీ తెరవరు. అంతదాకా ఎదురుగా హోటల్లో ముప్పై రూపాయల ఇడ్లీ తిని, రెండు కాఫీలు తాగాను. మీరు వెళ్ళేట్టయితే ఎనిమిదిన్నర బస్సే ఎక్కండి.

శెట్టిగారు నా గుడ్డ ముక్కల్ని వెలుతురుకు ఎత్తి చూసి, "పేస్టు మాదే, పోయిన నెల నేనే ఇచ్చినా. ఏమి చేసినావమ్మా దీన్ని?" అన్నారు. నేను చేసిన నేరం నాకే తెలియదు. డబ్బా మీద ఆర్గానిక్ రెడ్ అని ఉంది కదా, ఆర్గానిక్ బెల్లంలాగా ఇదీ చెట్ల నుంచి తీసేదేమో, పాతబడి చెడిపోయిందేమో అని నా అనుమానం బయటపెట్టాను. ఆయన నవ్వారు. "చెట్టు లేదు, ఆకు లేదు. ఇది ఫ్యాక్టరీలో చేసే రసాయనమే. మట్టిలో, తుప్పులో ఉండే ఎరుపు ఒక జాతి, అది ఇటుక మాదిరి ఉంటాది. ఇది ఇంకో జాతి, పూవు మాదిరి ఉంటాది. దాన్ని ఆర్గానిక్ అంటారు." పువ్వు జాతిది తెచ్చుకుంటే నాకు ఇటుక ఎందుకొచ్చినట్టు?

ఆయన నా పేస్టునే ఒక చిన్న గిన్నెలో వేసి, నా బైండరే కలిపి, బల్ల మీదున్న క్యాను నుంచి గుక్కెడు నీళ్ళు వంపి, గుడ్డ మీద లాగి చూపించారు. ఎర్రగా, నున్నగా, అచ్చం మా తమ్ముడి ఫోటోలోలాగే వచ్చింది. ఆయన గిన్నె పక్కన పెట్టి, ఈసారి నన్నే కలపమన్నారు. నేను కలిపినా అంతే ఎర్రగా వచ్చింది. అదే పేస్టు, అదే బైండరు, అదే చెయ్యి. తాగే నీళ్ళు రంగులో పోస్తున్నారే, డబ్బున్న అంగడి కనుక చెల్లుతుందని మాత్రం మనసులో అనుకున్నాను. మా ఇంట్లో అయితే మా అత్తగారు నరసమ్మ ఊరుకోరు. కాపురానికి వచ్చిన మొదటి వారంలో ఫిల్టరు నీళ్ళతో గ్లాసు కడిగానని, "తాగే నీళ్ళు తాగేకి, పప్పుకి. మిగిలిందానికంతా బోరు నీళ్ళు" అని పాఠం చెప్పారు. ఈ తాలూకాల్లో ప్రతి ఇంట్లోనూ ఆ చట్టమే. ఐదు రూపాయల బిళ్ళ వేసి, ఇరవై లీటర్లు పట్టుకుని, మోసుకొచ్చే నీళ్ళాయె.

శెట్టిగారు కూడా బుర్ర గోక్కున్నారు. "నాకూ తెలీలేదమ్మా. ఈ పేస్టు చేసేది చింతామణిలో నాగవేణి మేడమ్. కెమిస్ట్రీ టీచరుగా చేసి రిటైరయినారు. ఆయమ్మనే అడుగు" అని చీటీ మీద అడ్రసు రాసిచ్చారు. ఇంట్లో చెడిపోయేది బయటికొస్తే బాగుపడే రోగం చిన్నపిల్లల్లో చూశాను గానీ రంగులో చూడలేదు.

చిక్కబళ్ళాపురం నుంచి చింతామణికి శిడ్లఘట్ట మీదుగా గంటన్నర. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళ మూటలు ఎక్కించడానికి బస్సు పది నిమిషాలు ఆగింది. కిటికీలోంచి వచ్చే ఆ పచ్చి వాసన అలవాటు లేనివాళ్ళు ముందు సీట్లో కూర్చోవడం మంచిది. పదకొండున్నరకు చింతామణిలో దిగి ఆటో ఎక్కాను. "యాడికి పోవల్లమ్మా?" అన్నాడు డ్రైవరు. ఎర్ర రంగు తయారుచేసే చోటికన్నాను. తిన్నగా తీసుకెళ్ళి కుంకుమ అమ్మే అంగడి ముందు దించాడు. ఇది కాదంటే ఇళ్ళకు వేసే పెయింటు అంగడికి తిప్పాడు. అప్పుడు చీటీ చూపిస్తే, "ఇది ముందే చూపీకూడదా అమ్మా, మా పిల్లకు పాఠం చెప్పిన మేడమ్ కదా" అని విసుక్కున్నాడు. అరవై రూపాయలు తీసుకున్నాడు. తప్పు నాదే, చీటీ ముందే చూపించాల్సింది.

నాగవేణి మేడమ్ షెడ్డు ఊరి చివర ఉంది. గాజు పూసలు గిరగిరా తిరుగుతూ రంగును మెత్తగా నూరే మిషన్ ఒకటి, చుట్టూ బకెట్లు. మేడమ్ చీర కుచ్చిళ్ళ నిండా ఎరుపే. ఎరుపుల్లో ఏది ఎండకు నిలుస్తుందో, ఏది సబ్బుకు కారిపోతుందో, ఏది పసుపు వైపు మొగ్గుతుందో, ఏది నీలం వైపు మొగ్గుతుందో అరగంట పాఠం చెప్పారు. ఆ పాఠంలో నాకు మిగిలింది, ఎరుపు ఒకటి కాదని మాత్రమే. తర్వాత నా గుడ్డ ముక్కను గోటితో గీకి, "రంగు పొడి గుంపు కట్టిండాది. విడివిడిగా ఉంటేనే మెరుపు. ఏమేమి కలిపినావో వరసగా చెప్పు" అన్నారు. పేస్టు, బైండరు, కొలతలు, కలిపిన వేళ, ఆఖరికి కలిపిన గరిటె కూడా చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, "అన్నీ సరిగానే ఉండాయి. భోంచేసి రాపో, ఆలోచిస్తా" అన్నారు.

అప్పుడే మా ఆయన ఫోను. "కుదిరిందా?" అన్నాడు. అక్కడ కుదిరింది, ఎందుకు కుదిరిందో తెలియలేదన్నాను. కాసేపు దగ్గు వినిపించింది. "తెలీకుంటే ఏమి లాభం? హిందూపురం వానికి చెప్పేసినా. మూడు గంటల బస్సులో డబ్బా వస్తాది" అన్నాడు. ఫోను పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

పక్క సందులో మెస్సు ఉంది. రాగి ముద్ద, సొప్పు సారు అని ఆకుకూర, కందిపప్పు వేసి చేసే పులుసు, అన్నం, ఎనభై రూపాయలు. ఆకు వేసి అరగంటైనా సారు రాలేదు. అసలే మండుతున్నాను, వంటిల్లు తొంగి చూసి గట్టిగానే అడిగాను. వంటాయన గంగప్ప గరిటెతో రెండు కందిపప్పు బద్దలు తీసి నా ముందు నొక్కాడు. రాళ్ళలా ఉన్నాయి.

"పొద్దున ఫిల్టరు నీళ్ళ క్యాను రాలేదమ్మా. కానిమ్మని బోరు నీళ్ళల్లో వేసినా. రెండు గంటలుగా ఉడుకుతానే ఉండాది, మెత్తబడదు. ఈ నీళ్ళల్లో సున్నం ఎక్కువ. ఇప్పుడే క్యాను వచ్చింది, వేరే పప్పు పెట్టినా. ఇంకొంచేపు ఓర్చుకో."

మా ఇంట్లోనూ అంతే, అనబోయాను. అప్పుడు తట్టింది. పద్నాలుగేళ్ళుగా పప్పుకు ఫిల్టరు నీళ్ళు పోస్తున్నాను, నీళ్ళ ఇంకులకు మారాక రంగుకు మాత్రం బోరు నీళ్ళే పోస్తున్నాను. శెట్టిగారు పోసింది తాగే నీళ్ళు. మా తమ్ముడు పోసేది కృష్ణ నీళ్ళు. మేడమ్‌కు అన్నీ చెప్పాను, నీళ్ళ సంగతి చెప్పలేదు. నీళ్ళను ఎవరు లెక్కలో చెబుతారు?

గంగప్ప దగ్గర ఒక చెంబు బోరు నీళ్ళు అడిగి తీసుకుని షెడ్డుకు పరుగెత్తాను. "మేడమ్, మీరు పేస్టులో ఏ నీళ్ళు పోస్తారు?"

"ఫిల్టరు నీళ్ళు. ఇంకేమి పోస్తారు?" అని, నా చేతిలో చెంబు చూసి, "నువ్వేమి పోస్తాండావు?" అన్నారు. నేను నీళ్ళు నమిలాను. ఆవిడ రెండు గాజు గ్లాసులు తెచ్చి రెండింటిలో ఒక్కొక్క చెంచా పేస్టు వేశారు. ఒకదాంట్లో ఫిల్టరు నీళ్ళు, ఇంకోదాంట్లో గంగప్ప నీళ్ళు పోసి తిప్పారు. మొదటిది గ్లాసంతా ఒకే ఎరుపు. రెండోదాంట్లో పది నిమిషాలకే సన్నటి నూక తేలి, మెల్లగా అడుగుకు దిగింది. ఆ నూక నాకు బాగా తెలుసు, ఏడుసార్లు చూశాను.

"పొడి ఒకదానికొకటి అంటుకోకుండా విడిగా ఉండేకి ఒక మందు వేస్తాం. నీళ్ళల్లో సున్నం తగిలితే ఆ మందు పనిచెయ్యదు. నలుపులో, పచ్చలో గుంపు కట్టినా అంతగా కనపడదు, ఎరుపులో దాచుకోలేవు. ఇరవై ఏండ్లు పిల్లోళ్ళకు ఈ సున్నమున్న నీళ్ళ పాఠమే చెప్పి, నిన్ను నీళ్ళ సంగతి అడగలేదు చూడు నేను" అన్నారు మేడమ్. ఆవిడ సిగ్గుపడితే నాకు కొంచెం ఊరట కలిగింది.

ఇంటికి నాలుగుసార్లు ఫోను చేశాను, మోగి మోగి ఆగిపోయింది. రెండున్నరకు చేళూరు మీదుగా బాగేపల్లి వెళ్ళే బస్సు దొరికింది. దారి ఇరుకు, బస్సు ప్రతి పల్లెలో ఆగుతుంది, రెండు గంటలు పట్టింది. తినకుండా వచ్చేసిన సారు గుర్తొచ్చి కడుపు మండింది. అంతకన్నా ఎక్కువగా, మూడు గంటల బస్సు ఈ బస్సు కంటే ముందే చేరుతుందని భయం వేసింది.

చేరనే చేరింది. నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి మా ఆయన నేల మీద కూర్చుని, డబ్బా మోకాళ్ళ మధ్య పెట్టుకుని, స్క్రూడ్రైవరుతో మూత లేపబోతున్నాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు. తియ్యొద్దని అరిచాను. వంటింట్లోకి వెళ్ళి తాగే నీళ్ళ క్యాను ఎత్తుకొచ్చి గిన్నె పక్కన పెట్టాను. ఆయన డబ్బా వైపు, క్యాను వైపు చూసి, "అవి తాగే నీళ్ళు కదా" అన్నాడు. పప్పు దగ్గర మొదలుపెట్టి సున్నం దాకా ఏదో చెప్పాను, నాకే సరిగ్గా అతకలేదు. ఆయన ఇంకా అయోమయంగా చూస్తూనే ఉన్నాడు. నా వెనకే వచ్చి నిలబడ్డ మా అత్తగారు మాత్రం ఒక్క మాటా అడగలేదు. చెంబు తెచ్చి, క్యాను వంచి, నింపి, నా చేతికిచ్చారు.

"రంగులో పొయ్యి తల్లీ. వాని దగ్గు కన్నా ఎక్కువనా నీళ్ళు."

మొదటి సంచి ఎర్రగా వచ్చింది. రెండోదీ వచ్చింది. పదోది లాగాక మా ఆయన స్క్రీన్‌ను వెలుతురుకు ఎత్తి చూశాడు, ఒక్క రంధ్రం కూడా పూడలేదు. ముక్కుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. మూత తియ్యని డబ్బా మర్నాడు అదే బస్సులో హిందూపురం తిరిగి వెళ్ళింది.

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, వంటింట్లో ఉన్నదాని కోసం మూడు తాలూకాలు తిరిగాను. ఎరుపుల గురించి మేడమ్ చెప్పిన పాఠం ఇప్పటికీ నాకు అర్థం కాలేదు, ఇకమీదట అవుతుందన్న ఆశా లేదు. అయినా ఆ ప్రయాణం వృథా అనిపించదు. ఇంట్లో కూర్చుంటే ఎనిమిదోసారి కూడా అవే నీళ్ళు పోసేదాన్ని. అలవాటైనది కంటికి కనిపించదు కాబోలు. మంచి అలవాటైతే మరీ కనిపించదు. నీళ్ళు పొదుపు చెయ్యమన్న అత్తగారిది తప్పు కాదు, విన్న నాదీ తప్పు కాదు. ఆ పొదుపుకు మా ఆయన ఊపిరి మూల్యం కాబోయిందని తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మీరు ఇలా రంగుల కోసం బయలుదేరితే ఒక్కటే చెబుతాను. పేస్టు, గుడ్డ ముక్కలు తీసుకెళ్ళినా తీసుకెళ్ళకపోయినా, మీ ఇంట్లో రంగు కలిపే కుళాయి నుంచి ఒక సీసా నీళ్ళు పట్టుకెళ్ళి, అంగట్లో వాటితోనే కలిపించి చూసుకోండి. మా అత్తగారు ఇప్పుడు రోజూ రెండు క్యాన్లు తెప్పిస్తున్నారు. రెండోది రంగుకు. దాని మీద ఆవిడే ఎర్ర ఇంకుతో ఒక గులాబీ వేయించుకున్నారు, పొరపాటున ఎవరూ దాంతో గ్లాసు కడగకుండా.