కుక్క నూనె

కొరియాలోని ఇంచియాన్‌లో బీమా ఆఫీసు గుమాస్తా నాన్‌హీ మొహం మధ్యాహ్నానికల్లా జిడ్డోడుతుంది. ఆ జిడ్డుని మావాళ్లు కుక్క నూనె అంటారు. అదే మెరుపు అందానికి వేసుకునే ఫేస్ మాస్కు వల్ల వచ్చిందనుకోండి, నీటి కాంతి అని మెచ్చుకుంటారు. నాన్‌హీకి నలభై ఎనిమిదేళ్లొచ్చినా వాళ్లమ్మ గుమ్మంలో చూడగానే, "ముందా కుక్క నూనె తుడుచుకో, తర్వాత కూచుందువుగాని," అనేది. అందుకే రోజూ పొద్దున్నే కిమ్చీ పచ్చడి ఫ్రిజ్‌లో డబ్బాల పక్కన దాచిన మాస్కొకటి తీసి, ఆ తడి కాగితాన్ని మొహమంతా అతికించుకుని, పదిహేను నిమిషాలు వెల్లకిలా పడుకుంటుంది. మాట్లాడితే ముడతలు పడతాయని, అప్పుడు ఎవరేమన్నా "ఊఁ" అనే అంటుంది. మొన్న మంగళవారం అలా పడుకుని ఉండగా అమ్మని చేర్చిన ఆస్పత్రి నుంచి పిన్ని ఫోన్ చేసింది. "అమ్మ పోయిందే." నాన్‌హీ "ఊఁ" అంది. ఇంకా ఆరు నిమిషాలున్నాయి. ఆ ఆరూ అయ్యాక మాస్కు తీసి, కవర్లో మిగిలిన రసం ఎప్పటిలాగే మెడకీ మోచేతులకీ రాసుకుని బయల్దేరింది.

అంత్యక్రియల హాల్లో మూడు రోజులూ మాస్కు లేదు. నల్లబట్టల్లో అమ్మ ఫొటో పక్కన నిలబడి, వచ్చినవాళ్లకల్లా వంగి దణ్ణం పెట్టింది. కంట్లోంచి చుక్క రాలలేదు. మూడో రోజు దీపాల వెలుగులో ఆమె బుగ్గలు తళతళలాడుతుంటే పిన్ని చూసి, "ఎంతసేపని ఏడుస్తావే తల్లీ, ఊరుకో," అని రుమాలు అందించింది. నాన్‌హీ తుడుచుకోలేదు. రుమాలు చేత్తో పట్టుకుని, ఆ మెరిసే మొహాన్ని ఫొటో వైపు తిప్పి, అమ్మ ఆ కుక్క నూనె మాట అంటుందేమోనని చూసింది.