కాకినాడ వాళ్ల మెస్

తినేముందు వాసన చూసే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఎవరింట్లోనైనా సరే, పళ్లెం ముందుకు రాగానే నా ముక్కు దానంతటదే కిందికి వంగుతుంది. అమ్మ ఎన్నోసార్లు నెత్తిన మొట్టింది గానీ అది పోలేదు. 2011లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకుందామని జనగామ పక్కనున్న మా ఊరి నుంచి హైదరాబాద్‌లోని అశోక్‌నగర్ వచ్చి హాస్టల్లో చేరాక అది ముదిరి రోగమైంది.

లైబ్రరీకి పోయే దారిలో ఇడ్లీ బండి ఉండేది. ఎనిమిదింటికి చిక్కగా ఉన్న చట్నీ తొమ్మిదింటికి పల్చబడేది. ఆ గంటలో కలిసిన నీళ్లు ఎక్కడివి? చిక్కడపల్లి కర్రీ పాయింట్లో బెండకాయ వండాక కూడా అంత పచ్చగా ఎందుకుంది? నారాయణగూడ చౌరస్తాలో మిర్చి బజ్జీల నూనె ఏ నెలది? పెరుగు జారుగా ఉంటే అనుమానం, గట్టిగా ఉంటే ఇంకా అనుమానం. నా రూమ్మేట్ సిరిసిల్ల వాడు. వాడే నాకు ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అని పేరు పెట్టాడు. వారం తిరిగేసరికి హాస్టలంతా అదే పేరు. పైకి విసుక్కునేవాణ్ని గానీ, నిజం చెప్పాలంటే నాకది నచ్చింది. నేను వద్దన్నది పది మంది ముట్టేవాళ్లు కాదు. ఉద్యోగం లేదు, సద్యోగం లేదు, ఊళ్లో మొహం చూపించాలంటేనే సిగ్గు. అలాంటి రోజుల్లో నా మాటకు దొరికిన విలువ అదొక్కటే.

మా గల్లీ చివర ఒక పాత ఇంటి కింది వాటాను కిరాయికి తీసుకుని కాకినాడ నుంచి వచ్చిన భార్యాభర్తలు మెస్ నడిపేవారు. ఇద్దరికీ యాభై దాటాయి. మేం ఆంటీ, అంకుల్ అనేవాళ్లం. ఆమె వంట, ఆయన వడ్డన. మా హాస్టల్ నుంచే నలభై మంది నెల కార్డు తీసుకుని తినేవాళ్లు. "మీ నలభై మందే మాకు ఆధారం బాబూ, మీరు లేకపోతే మేం సామాను సర్దుకోవాల్సిందే" అని అంకుల్ అన్నం వడ్డిస్తూ నవ్వుతూనే అనేవాడు. తెలంగాణ కోసం వారానికో బంద్ జరుగుతున్న కాలం. పొద్దున ఊరేగింపులో గొంతు పోయేలా నినాదాలిచ్చి, మధ్యాహ్నం వాళ్ల దగ్గరే కూర్చుని మారు వడ్డించుకునేవాళ్లం. అందులో తప్పేమీ ఎవరికీ కనిపించలేదు, నాకు తప్ప. వాళ్ల పులుసు తియ్యగా ఉండేది. పులిసిన వాసన తెలియకుండా బెల్లం వేస్తున్నారని నేను తేల్చుకున్నాను.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఆంటీ కాస్త తీరికగా కూర్చుని వాళ్ల ఊరి సంగతులు చెప్పేది.

"మా కాకినాడలో తినేవాళ్లకి తిండి దగ్గర రాజీ ఉండదు బాబూ. పొద్దున్నే పెసరట్టులో ఉప్మా పెట్టిచ్చి, అల్లప్పచ్చడి కాస్త తగ్గిందంటే గొడవే. మధ్యాహ్నం ఆకు మీద వడ్డించి, ఇంకాస్త వేయమంటారా అని మూడుసార్లు అడక్కపోతే మొహం మాడ్చుకుని వెళ్లిపోతారు. సినిమా హాలు ఎదురుగా ఉండే మా హోటల్లో పన్నెండున్నరకి వస్తే నుంచోడానికి చోటుండేది కాదనుకో."

"మరి గంత మంచిగ నడిచే హోటల్ ఎందుకు మూసిండ్రు ఆంటీ?" అని అడిగాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "కుదర్లేదు బాబూ" అని లేచి లోపలికి వెళ్లింది.

అసలే కోతి, ఆపై కల్లు తాగింది అన్నట్టు అయింది నా పని. నడిచే హోటల్ ఎవరైనా ఊరికే మూసుకుంటారా? ఊరొదిలి ఇంత దూరం వస్తారా? అక్కడేదో జరిగింది. ఎవరికో ఏదో పెట్టారు. ఆ రోజు నుంచి వాళ్ల గిన్నెల మూతలు లేచినప్పుడల్లా నా కళ్లు అక్కడే.

ఒక మధ్యాహ్నం అరటికాయ కూర పెట్టారు. పసుప్పచ్చగా, ముద్దగా ఉంది. వంగి వాసన చూడగానే ఏదో ఘాటు ముక్కులోంచి మాడుదాకా పాకింది. కొంచెం నోట్లో పెట్టుకుంటే చివర్లో చేదు. చెయ్యి పక్కకు పెట్టేశాను.

"గీ కూర ఖరాబైంది. ఎవ్వలు తినకుండ్రి" అన్నాను, అందరికీ వినపడేలా.

ఆంటీ కొంగుకు చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "అయ్యో, పాడవలేదు బాబూ. ఇప్పుడే దించాను. ఇది ఇలాగే ఉంటుంది, మా వైపు పద్ధతి."

ఇది ఇలాగే ఉంటుంది! పాడైన కూర అమ్మేవాళ్లు ఇంకేమంటారు? నేను లేచాను. నాతో పాటు ఆరుగురు లేచారు. రూమ్మేట్ మాత్రం "ఏందిరా నీ లొల్లి, మంచిగనే ఉన్నది గదా" అంటూ రెండోసారి వేయించుకున్నాడు.

మర్నాడు పొద్దున వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ముందురోజు సాయంత్రం నారాయణగూడ బండి దగ్గర వాడు ఆరు మిర్చి బజ్జీలు తిన్నాడు. నేను పక్కనే ఉన్నాను, ఒక్కొక్కటీ తింటుంటే చూశాను. అయినా వాడు కడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకుని ఉంటే తలుపు దగ్గర చేరిన వాళ్లతో, "చెప్పిన్నా లేదా? కాకినాడోళ్ల కూర" అన్నాను. బజ్జీల మాట ఎత్తలేదు. ఎత్తితే నా ముక్కు విలువ ఏం కావాలి?

మిగతా పని గల్లీయే చేసింది. ఒక్కడి విరేచనాలు సాయంత్రానికి నలుగురివయ్యాయి. బాగ్ లింగంపల్లి హాస్టళ్లకు చేరేసరికి ఒకడికి సెలైన్ ఎక్కించారట. పక్క నెల కార్డులు తీసుకున్నవాళ్లు పన్నెండు మంది. నేను హైదర్‌గూడ వైపు ఇంకో మెస్‌కు మారాను. అక్కడ సాంబారు మీద నా అనుమానాలు అక్కడివి.

మరుసటి ఎండాకాలం, లైబ్రరీలో నా పక్క కుర్చీలో చదువుకునే కాకినాడ అతను వాళ్ల ఊళ్లో తన పెళ్లికి పిలిచాడు. తెలంగాణ గురించి రోజూ కొట్లాడుకునేవాళ్లం. ఇంతమందిలో నన్నే ఎందుకు పిలిచాడని రెండు రోజులు ఆలోచించి, చివరికి రైలెక్కాను.

పెళ్లి భోజనంలో ఆకు మీద అరటికాయ కూర పడింది. వంగాను. అదే ఘాటు, అదే చోట తగిలింది. చుట్టూ చూస్తే ఎవరూ లేవలేదు. పైగా అందరూ వడ్డించేవాణ్ని వెనక్కి పిలుస్తున్నారు. పక్కనున్న పెద్దాయన నా వాలకం చూసి నవ్వాడు.

"కొత్తాండీ? ఆవ పెట్టిన కూర. ఆవాలు పచ్చివే నూరి, కూర దించాక కలుపుతారు. ముక్కుకి తగల్లేదంటే ఆవ సరిగ్గా పడనట్టేనండి."

ఆవాలంటే పోపులో చిటపటలాడేవనే నాకు తెలుసు. పచ్చివి నూరి కూరలో కలుపుతారని మా ఇళ్లలో ఎన్నడూ వినలేదు. సిగ్గేసింది. అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. సరే, కూర మంచిదే. మరి హోటల్ ఎందుకు మూసినట్టు? అక్కడైనా వాళ్ల తప్పుందని తేలితే నా మాట కొంచెమైనా నిలబడుతుంది.

సాయంత్రం వెతుక్కుంటూ బయల్దేరాను. కాజాల దుకాణాల ముందు జనం, బజ్జీని చీల్చి ఉల్లిపాయలు కూరుతున్న బండ్లు, ఊరంతా ఏదో ఒకటి నములుతూనే ఉంది. ఆంటీ చెప్పిన సినిమా హాలు ఎదురుగా హోటల్ లేదు, సెల్‌ఫోన్ల షాపు ఉంది. పక్కనున్న కిళ్లీ కొట్టాయన్ని అడిగాను.

"వాళ్లా? బంగారం లాంటి మనుషులండి. ఎవడో సాంబారులో బల్లి పడిందన్నాడు. చూసినోడు ఒక్కడూ లేడు. కుండ మూతికి మూకుడుంది గానీ లోకం నోటికేదండి? మూడు నెలలు ఈగలు తోలుకుని, మూసుకుని వెళ్లిపోయారు." డబ్బా మూత పెడుతూ అడిగాడు, "మీరు వాళ్ల చుట్టాలా?"

"కాదు. హైదరాబాద్‌లో వాళ్ల దగ్గరే తింటా" అన్నాను. అది కూడా అబద్ధమే.

తిరిగొచ్చిన రోజే హాస్టల్లో అందరి ముందూ చెప్పాను. కూర పాడవలేదని, అది ఆవాల ఘాటని, నాకు తెలియక వాగానని. రూమ్మేట్ పకపకా నవ్వాడు.

"ఎన్ని నెలలు ఫ్రీగ పెడ్తమన్నర్రా ఇన్‌స్పెక్టర్ సాబ్?"

అందరూ నవ్వారు. నాకు మండింది. "నువ్వు ఆ రోజు ఆరు బజ్జీలు తిన్నవ్ రా. గందుకే నీ కడుపు ఖరాబైంది" అన్నాను.

వాడి నవ్వు పోయింది. "మరి గా దినం చెప్పలేదేందిరా?"

నేను కూరను వద్దన్నప్పుడు సాక్ష్యం అడగని వాళ్లు, మంచిదంటే ఒక్కరూ నమ్మలేదు. ఎవరూ తిరిగి కార్డు తీసుకోలేదు. నేనొక్కణ్నే తీసుకుని పోయి కూర్చుంటే అంకుల్ ఏమీ అడగకుండా ఆకు వేశాడు. ఆ హాల్లో నలుగురమే ఉండేవాళ్లం. కూరల్లో ఆవ లేదు, పులుసులో తీపి లేదు. మాకు నచ్చేలా వండాలని ఆంటీ తన ఊరి రుచులన్నీ మానేసింది. ఆ చప్పిడి పులుసు కలుపుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

రెండు నెలల తర్వాత ఖాళీ చేశారు. సామాను ఎక్కించడానికి నేనూ వెళ్లాను. నిజం చెప్పేయాలనే వెళ్లాను. అంకుల్ ట్రాలీ ఆటో దగ్గర తాళ్లు కడుతున్నాడు. లోపల ఆంటీ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది.

"ఆంటీ, కాకినాడ పోయొచ్చిన. మీ హోటల్ జాగ చూసిన" అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. "బల్లి మాట చెప్పారా?"

"చెప్పిండ్రు."

"ఎవరన్నారో నాకు ఇప్పటికీ తెలీదు బాబూ. తిట్టడానికి కాదు. ఎదురుగా నిలబడితే ఒక్కటే అడుగుతాను, నా వంటలో నీకు ఏం కనపడిందిరా నాయనా అని."

నా మొహంలోకి చూస్తూనే అంది. నేను తేలు కుట్టిన దొంగలా వంగి గ్రైండరు ఎత్తుకున్నాను. "బరువు బాబూ, నడుము జాగ్రత్త" అంటూ ఆమె ఒక చెయ్యి ఆసరా పట్టింది. ఇద్దరం కలిసే దాన్ని ఆటోలో పెట్టాం. రాంనగర్ వైపు మలుపు తిరిగేదాకా ఆటోను చూస్తూ నిలబడ్డాను. ఆమె అడిగింది కాకినాడ మనిషిని గురించేనా, లేక అంతా తెలిసే నన్ను అడిగిందా అని ఇప్పటికీ నాకు అనుమానమే.