పేరు రాయని గుడ్డు

కమూనా పొట్టి మనిషి. హారా స్గీరా ఊరికి ఆ పొట్టితనంతోనే పని.

అక్కడి యూదుల గ్రీబా ప్రార్థనామందిరంలో ఒక గుహ ఉంది. పాకుతూ వెళ్ళాలి. పండక్కి వచ్చే యాత్రికుల్లో పెళ్ళి కావలసినవాళ్ళు ఉడికించిన గుడ్డు మీద పేరు రాసి అక్కడ పెడతారు. పండగయ్యాక తీసి తింటే పెళ్ళవుతుంది. నడుం వంగనివాళ్ళంతా తమ ఆడపిల్లల గుడ్లు కమూనా చేతికే ఇస్తారు. ఆమె చెప్పులు విప్పి, తలగుడ్డ బిగించి, దీపాల వేడిలోకి దూరుతుంది.

చిన్నప్పుడే మొగుడు పోయాడు. అప్పటినుంచి ఎందరి గుడ్లు మోసిందో, ఎందరి పెళ్ళిళ్ళకు గోరింటాకు నూరిందో.

ఈ ఏడు ఒక గుడ్డు తనది.

మందిరం వాకిట్లో పల్చటి పిండిరేకులు మడిచి నూనెలో వేయించి అమ్మే ఖమూస్‌కి భార్య లేదు. కమూనా అటు వెళితే పలకరించడు. వేడి పిండిరేకొకటి కాగితంలో చుట్టి ఇస్తాడు. "చల్లారకముందే తిను," అంటాడు. అంతే. ఆ 'అంతే' ఆమెకు నిద్ర పట్టనివ్వడం లేదు.

పెన్సిలు తీసింది. ఈ వయసులో పేరు రాయడానికి చెయ్యి రాలేదు. ఏది తనదో తనకు తెలియదా అనుకుంది.

పండగయ్యాక మేనకోడలు మీహా అడ్డుపడింది. "నీ మోకాళ్ళు వాచిపోయాయి అత్తా, ఈసారి నేను తెస్తాను."

బుట్ట వాకిట్లోకి వచ్చింది. పేర్లు పిలుస్తుంటే ఎవరి గుడ్డు వాళ్ళు అందుకున్నారు. చివరికి ఒకటి మిగిలింది.

"దీనిమీద పేరు లేదే!" అంది మీహా.

"చెరిగిపోయుంటుంది," అంది పక్కింటి గజాలా. "పారిస్ నుంచి వచ్చిన ఏ పిల్లదో. పిల్లికి పెట్టు. దానికైనా సంబంధం కుదురుతుంది."

అందరూ నవ్వారు. కమూనా కూడా నవ్వింది. పిల్లి వచ్చింది. మీహా పెంకు వలవబోయింది.

"అది నాది," అంది కమూనా.

"నీదేమిటి అత్తా?"

"నాదే. పేరు రాయడానికి సిగ్గేసింది."

"ఓసి దొంగదానా!" గజాలా తన తొడ చరుచుకుంది. "మా గుడ్లు మోస్తూ నీ దారి నువ్వు చూసుకుంటున్నావా? ఎవరే వాడు?"

కమూనా మీహా చేతిలోంచి గుడ్డు లాక్కుని నుదుటికేసి కొట్టింది. వలిచి సగం కొరికింది. పచ్చసొన చప్పగా తగిలింది.

"ఉప్పు లేదా ఎవరి దగ్గరా?"

"ఖమూస్ దగ్గర ఉంటుంది. వెళ్ళు మరి," అంది గజాలా, కావాలనే.

కమూనా లేచింది. మిగిలిన సగం అరచేతిలో పెట్టుకుని, అందరూ చూస్తుండగా అతని మూకుడు దగ్గరికి నడిచింది.

"ఉప్పు కావాలి."

ఖమూస్ ఆ గుడ్డును చూశాడు. ఈ ఊళ్ళో పుట్టినవాడు, ఆ గుడ్డేమిటో అతనికి చెప్పక్కర్లేదు. మంట తగ్గించాడు. చిటికెడు ఉప్పు జల్లాడు.

"మొత్తం తినేయకు," అన్నాడు. "నాకూ కాస్త ఉంచు."