ఝాన్సీలో వదిలిన పావురం

ఝాన్సీ నుంచి చెన్నైకి రైల్లో ఒక రోజు పైనే. రెక్కల మీద ఎంతసేపని తమ పేట వ్యాసర్‌పాడిలో ఎవరైనా అడిగితే వడివుక్కరసి, "ఆకాశంలో స్టేషన్లు నేనేం చూశానూ!" అనేది. ఆ శనివారం మాత్రం ఆమెకు మరో ధ్యాస లేదు. పందెపు పావురాలను గురువారం తెల్లవారగానే ఝాన్సీలో వదిలారు. పక్కవీధి వాళ్ల పావురం ఒకటి శుక్రవారం పొద్దుగూకే వేళకే వాలింది. ఆమెది రాలేదు.

భర్త కన్నియప్పన్ తన చేత్తో పెంచిన చివరి పావురం అది. పోయిన వానాకాలంలో ఆయన పోయాడు. పెళ్లైన కొత్తలో ఆమెకు పావురాలంటే ఒళ్లుమంట. "మా ఆయనకు పెద్ద పెళ్లాం మిద్దె మీదుంది, నేను రెండోదాన్ని" అని తను అమ్మే బియ్యప్పిండి ఇడియాప్పం కొనడానికి వచ్చిన వాళ్లతో అనేది. ఇప్పుడు ఆ గూళ్లకు ఆమే దిక్కు.

మరిది పొన్నురంగానికి అది నచ్చలేదు. "ఝాన్సీ నుంచి అది తిరిగొస్తే నేను నోరెత్తను వదినా. రాకపోతే ఆదివారం బేరగాణ్ణి తెస్తా, గూళ్లన్నీ ఇచ్చేద్దాం" అన్నాడు. ఆమె సరేనంది. అన్నాక నిద్ర కరువైంది.

పొద్దున్నుంచీ ఆమె కాలు ఒకచోట నిలవలేదు. గూళ్లు ఊడ్చింది. నీళ్లు మార్చింది. మళ్లీ ఊడ్చింది. చేతులు ఊరుకోక ఇంట్లో దుప్పట్లన్నీ పిండి, మిద్దె మీద ఆరేసి, ఉత్తరం వైపు చూస్తూ నిలబడింది.

మధ్యాహ్నం పొన్నురంగం మెట్లెక్కి వచ్చాడు. "భోంచేశావా వదినా? ఇంకేం వస్తుందిలే. ఏ డేగో..."

"నోరు మూసుకో తమ్ముడూ!"

వాటర్ ట్యాంకు మీదుగా ఆమె ఎదురుచూస్తున్న నల్లచారల పావురం వచ్చింది. ఒక చుట్టు తిరిగింది, దిగబోయి ఉలిక్కిపడి పైకి లేచింది. రెండో చుట్టు. మూడోసారి మరీ దూరంగా, పక్క మిద్దెల మీదుగా తిరిగింది.

"దిగదేం?" అన్నాడు పొన్నురంగం.

వడివుక్కరసి తల బాదుకుంది. పందెం రోజున మిద్దె మీద గుడ్డ ఆరేస్తే ఇరుగుపొరుగును దుమ్మెత్తిపోసిన మనిషి తను! గాలికి దుప్పట్లు రెక్కల్లా కొట్టుకుంటున్నాయి.

"లాగు! అన్నీ లాగెయ్!"

ఇద్దరూ తడి దుప్పట్లు లాగి కుప్పేశారు. పావురం ఇంకా తిరుగుతూనే ఉంది. "నిన్నెప్పుడూ చూడలేదది, కొత్తమనిషివి. కూర్చో!" అంటూ ఆమె మరిది మీద దుప్పటి కప్పేసింది.

"ఒళ్లంతా తడిసిపోతోంది వదినా."

"చావవులే, కదలకు."

దుప్పటి కిందనుంచి గుసగుస: "దిగిందా?"

"లేదు."

"ఇప్పుడు?"

పావురం పిట్టగోడ మీద వాలి, మెడ సాచి, గూటి తలుపు తోసుకుని లోపలికి పోయింది. ఆమె దాన్ని పట్టుకుని, వచ్చిన వేళ నమోదు చేయించడానికి చూపాల్సిన కాలి రబ్బరు ఉంగరం తీసింది. అంతలోనే పందెం మాట మరిచి, పావురాన్ని మరిది చేతుల్లో పెట్టింది.

"అయ్యో, దీనిలో ఏముంది వదినా? ఎముకే తగులుతోంది" అన్నాడు పొన్నురంగం. అరచేతుల్లో దాని గుండె దడదడ కొట్టుకుంటోంది. "దీనికి నీళ్లెక్కడ పెట్టావు?" అని వెతకసాగాడు.