పిల్లల వార్డులో పీతల వేట

ఆ రోజుల్లో ఎవరినైనా కదలకుండా కూర్చోబెట్టడం నాకు బాగా వచ్చనుకునేదాన్ని. బడి ముఖం చూడకుండా అమ్మ దగ్గరే చదువుకున్నదాన్ని, మా ఇంట్లో ప్రార్థన మొదలైతే ముక్కు మీద ఈగ వాలినా తోలుకోకూడదు. ఆ అర్హతతోనే (వేరేది ఏమీ లేదు) నెల్లూరులో ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో ఆయాగా చేరాను. ఎముకలు విరిగి, కాళ్లకు బరువులు కట్టించుకుని వారాల తరబడి మంచాన ఉండే పిల్లలకు పొద్దు పుచ్చడం నా పని.

వాళ్లలో ఒక పిల్ల వాకాడు వైపు నుంచి వచ్చింది. పడవ మీద నుంచి దూకి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. మంచం మీద ఒకటే ఎగిరిపడుతుంటే రొయ్యపిల్ల అని పేరు పెట్టాను. "ఇట్టాగే మెలికలు తిరిగితే ఎముక వంకరగా అతుక్కుంటుందమ్మా, జన్మంతా కుంటాల్సిందే" అని డాక్టరు గారు నాతో చెప్పి వెళ్లారు. భయపడి పాటలు పాడాను, కథలు చెప్పాను, పొడుగాటి ప్రార్థన చేశాను. కళ్లు తెరిచి చూస్తే దిండు నేల మీద, పిల్ల సగం మంచం బయట.

"ఏందే ఇది?"

"నువ్వు కళ్లు మూసుకున్నావు గదక్కా, నాకేం తోచలా."

ఏం చేస్తే గమ్మునుంటావే అని బతిమాలాను. "మా నాయనతో పీతలకు పోతే గమ్మునుంటా. తాడేసినాక వేళ్లు తప్ప ఒళ్లు కదలగూడదు" అంది. వెంటనే కట్టు గుడ్డ పేని తాడు చేసి, కొసకు తీగ కొక్కెం కట్టిచ్చాను. దాని మంచం గుమ్మం పక్కనే. వార్డులోకి వచ్చేవాళ్లు చెప్పులు విడిచేదీ అక్కడే. ఇంక చెప్పేదేముంది.

మొదట పడ్డవి నా చెప్పులే. తర్వాత పెద్ద సిస్టరమ్మవి. "కుక్కలు లోపలికొస్తా ఉంటే వాచ్‌మన్ నిద్రపోతున్నాడా" అని ఆమె వట్టి కాళ్లతో తిరుగుతుంటే పిల్లలంతా దుప్పట్లు నోట్లో కుక్కుకున్నారు. రొయ్యపిల్ల మాత్రం బిగదీసుకుని పడుకుని, "నవ్వబాకండి, పీత బెదురుద్ది" అని వాళ్లను కసిరింది.

ఒకరోజు డాక్టరు గారి చెప్పు సగం దారిలో ఉండగా ఆయనే ఇటు తిరిగారు. తన చెప్పు తనంతట తాను నడిచిపోవడం చూశారు. ఆయన చూపు తాడు వెంబడి పిల్ల దాకా వచ్చింది.

"ఈ తాడు ఎవరిచ్చారు?"

"అక్కే చేసిచ్చింది సార్" అని నన్ను చూపించింది (ఒక్క క్షణమైనా ఆలోచించకుండా). నా ఉద్యోగాన్ని దేవుడి చేతుల్లో పెట్టేశాను. ఆయన వంగి, కాలు కొలిచి చూసుకున్నారు. "ఈ వారం ఇది కదల్లేదే" అన్నారు.

"కదిలితే పీత రాదు సార్."

ఆయన గుమ్మం దగ్గరకు పోయి, మిగిలిన రెండో చెప్పును ఇంకో మూరెడు దూరంగా జరిపి, వట్టి కాళ్లతో వెళ్లిపోయారు.

ఎముక చక్కగా అతికింది. ఊతకర్ర వదిలేసిన రోజు వరండాలో నాలుగడుగులు వేసి చూపించమంటే, ఆ పిల్ల గేటు దాకా పరుగు తీసింది. ప్రభువుకు స్తోత్రం చెప్పుకోవడం కూడా మరిచి నేనూ వెనకే పరుగెత్తాను. ఇప్పుడు మేడ మెట్లెక్కాలంటే మోకాళ్లను బతిమాలుకునే నాకు, చెంగు దోపుకుని ఎండలో అంత దూరం పరుగెత్తిన ఆ ఆయా ఎవరో చుట్టాల పిల్లలా అనిపిస్తుంది. మంచి పిల్లే.