చెప్పని రెండు కాన్పులు

ఐరాల దాటి ఏడు కిలోమీటర్లు లోపలున్న ఆరోగ్య కేంద్రంలో ఉదయం ఎనిమిదింటికి రిపోర్ట్ చేశాను. మిలిటరీ అంటే తుపాకే అనుకుంటారు మా ఊళ్ళో. పదిహేనేళ్ళూ నేను నడిపింది అంబులెన్సు. తొంభైల చివర్లో ఇల్లు చేరాక ఈ ఉద్యోగం దొరికింది. పాత జీపు, ఒక స్టెప్నీ, పది లీటర్ల నీళ్ళ క్యాను, వెనక నులక మంచం. రాళ్ళ దారి. చిత్తూరుకు గంటా పది నిమిషాలు. ఇక్కడ సుఖంగా ఉంటుందనుకున్నాను.

నర్సమ్మ మొదటి రోజే గర్భిణుల పేర్లున్న కాగితం చేతిలో పెట్టింది.

"మిలిటరీ అన్నా, వీళ్ళని నొప్పులకు ముందే చిత్తూరు చేర్చాల. ఐదో కాన్పు, ఆపైన అయినోళ్ళు, ఒంట్లో రక్తం లేక పాలిపోయినోళ్ళు, కవలల్ని మోసేవాళ్ళు, పోయినతూరి కాన్పులో రక్తం ఎక్కువ పోయినోళ్ళు. బిడ్డ పుట్టినాక రక్తం ఆగకపోతే మనకుండేది గంటో రెండు గంటలో."

ఆర్డరు ఇట్లా తేటగా ఉంటే నాకిష్టం.

నేను చేరిన మూడో నెలలో ఒక రోజు, పదకొండూ పదికి, ఒకతను సైకిలు పడేసి పరుగెత్తుకొచ్చాడు.

"బిడ్డ పుట్టినాడు సిస్టరమ్మా. మా ఇంటామెకి రక్తం నిలవడంల్యా."

ఆమె పేరు నా కాగితంలో లేదు. రిజిస్టరులో నాలుగో కాన్పని ఉంది.

పదకొండున్నరకు వాళ్ళ ఇంటి నుంచి కదిలాం. ఆమె మంచం మీద. నర్సమ్మ సూది వేసి, పొత్తికడుపు అరచేత్తో నొక్కిపట్టి కూర్చుంది. పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అత్త, పక్కన మొగుడు.

కాణిపాకం దగ్గర తారురోడ్డెక్కాక అత్త నోరు విప్పింది.

"పోయినతూరి గూడా ఇట్లే రక్తం పోయిందమ్మా. ఆ బిడ్డ దక్కలా. అంతకుముందు బిడ్డా దక్కలా."

"ముందు మూడే కాన్పులన్నావు గదా?" అంది నర్సమ్మ.

"బతికినోళ్ళనే చెప్పినా. కడుపుతో ఉండేదాని ముందర పోయినోళ్ళ మాటెత్తితే లోపలి బిడ్డకు మంచిది గాదు."

"అంటే ఇది ఆరోది," అని నర్సమ్మ అరచెయ్యి ఇంకా గట్టిగా నొక్కింది.

నాకు ఒళ్ళు మండింది. ఒక్క మాట దాచి మనిషిని చంపుకుంటారా అని తిట్టబోయాను. మా అమ్మ గుర్తొచ్చింది. ఎవరడిగినా తనకు నలుగురనే చెప్పేది. మేం ఆరుగురం పుట్టాం. సిగ్గేసింది. గేరు మార్చాను.

పన్నెండూ నలభైకి ఆస్పత్రి చేరాం. రక్తం ఎక్కించారు. నేనూ ఇచ్చాను. రెండింటికి ఆమె పోయింది. సైన్యంలో చావులు చూశాను గానీ, ఇంతగా ఏడవలేదు.

సాయంత్రం అదే దారిలో వెనక్కి. మొగుడు శవం పక్కన కూర్చున్నాడు. ముందు సీట్లో నర్సమ్మ, పసివాడితో అత్త. నర్సమ్మ రిజిస్టరు తెరిచి ఊరకే చూస్తోంది.

"ఆ ఇద్దర్ని గూడా రాయమ్మా," అంది అత్త.

బతికున్న ముగ్గురు పిల్లల పేర్లు చెబుతూ మూడు వేళ్ళు ముడిచింది. మిగతా రెండు వేళ్ళు ముడిచేటప్పుడు చెప్పడానికి పేర్లు లేవు. ఊరొచ్చేదాకా ఆ పిడికిలి విప్పలేదు. ఇప్పటికీ స్టీరింగు పట్టుకుంటే పక్క సీట్లో నాకు అదే కనిపిస్తుంది.