ఆస్పత్రి డైటు, సీసా డైటు

మా ఆయన గూడ్సు బండి ఇంజను నడుపుతారు. ఆ మధ్య మెడికల్ పరీక్షకి వెళితే రైల్వే డాక్టరు, మూడు నెలల్లో బరువు తగ్గకపోతే ఇంజను మీంచి దించి షెడ్డులో కూర్చోబెట్టడం తప్పదన్నారు. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయారు. మా మామగారు బొగ్గు ఇంజనులో పనిచేసినవారు. ఇంజను దిగడమంటే మా ఆయనకి తండ్రి ముందు తల దించుకోవడమే.

ఆ సాయంత్రమే మా అమ్మాయి, మేముండే హిందీ ఊళ్లోని తెలిపారా బజారుకి వెళ్లి రెండు పెద్ద కూల్‌డ్రింకు సీసాలు తెచ్చింది. "అమ్మా, ఇది డైట్‌ది. చీనీ బిల్కుల్ ఉండదు, పంచదార పలుకైనా వెయ్యరు. నాన్న కూల్‌డ్రింకు మానలేరు కదా, దాని బదులు ఇది ఇయ్యి" అంది.

డైటు నాకు కొత్త మాట కాదు. ఈ పిల్ల పుట్టినప్పుడు రైల్వే ఆస్పత్రిలో మూడు పూటలా బండి తోసుకుంటూ వచ్చి "డైట్, డైట్" అని కేకేసేవారు. పాలు, రొట్టె, పల్చటి పప్పు. డైటంటే రోగం తగ్గడానికి డాక్టరు పెట్టించేదని అప్పుడే నా బుర్రలో పడిపోయింది. అందుకే ఆ సీసాని మందులాగే చూశాను. మూడు పూటలా భోజనం కాగానే గ్లాసు నిండా పోసి ఇచ్చేదాన్ని.

ఆయనకీ ధైర్యం వచ్చింది. "డైటు తాగీసాను కదే, ఇంకో రెండు గారెలు ఎయ్యి" అనేవారు. మందు పడిందిగా అని నేనూ వేసేదాన్ని.

నెల తిరిగేసరికి చొక్కా బొత్తాం పట్టలేదు. ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆ డాక్టరుగారూ మన తెలుగువారే.

"ఏటి బాబూ, మూడు పూటలా డైటే ఇస్తన్నాను, తగ్గరేటి?" అని దబాయించాను.

"ఏ డైటమ్మా?"

సీసా సంగతి చెప్పాను. ఆయన నవ్వు ఆపుకున్నారు. "అది మందు కాదమ్మా. పంచదార డ్రింకు మానడానికి కాస్త సాయం, అంతే. దాహానికి నీళ్లు చాలు. దాంతోపాటు ఇంకేం తింటున్నారు?"

మా ఆయన పైన తిరిగే ఫ్యాను వైపు చూశారు.

మర్నాటినుంచి సీసా బదులు నీళ్ల చెంబు పెట్టాను.

"నీళ్లు ఇంజనుకి పోసీవారే, మనిషికి కాదు" అన్నారు మా ఆయన.

"మీ నాన్నగారి ఇంజను నీళ్లతోనే కదేటండీ నడిచింది?"

"బొగ్గు కూడా ఎయ్యాలి కదా!"

"బొగ్గు సంగతి నేను చూసుకుంటాను. ముందు తాగండి."

నీళ్లే బరువు దించాయని నేననను. గారెలు తగ్గించాను, సాయంత్రాలు నడిపించాను. కానీ ఒకటి కనిపెట్టాను. ఆ తియ్యటి గ్లాసు చేతిలో ఉన్నన్నాళ్లూ ఆయన చెయ్యి ఇంకేదో వెతికేది. నీళ్లలో ఎవరూ ఏమీ నంజుకోరు.

మూడో నెల మెడికల్ రోజున ఆస్పత్రి బయట బల్ల మీద కూర్చున్నాను. ఆయన బయటికొచ్చారు. మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

"ఏటన్నారండీ?"

బెల్టు కొత్త బెజ్జంలోకి బిగించుకుంటూ అన్నారు: "రేపు కోర్బా వెళ్లే గూడ్సు బండి నాదే. పెద్ద సీసాకి నీళ్లు పట్టు."